అబ్బ చేసిన అట్టలు

ఆత్మకూరులో పాత పఠనమందిరం కట్టడాన్ని కూలగొట్టబోతున్నారనీ, అందులోని ప్రభుత్వ ప్రచురణలను ఏరి పట్టిక రాసిపెడితే ఫొటోలు తీయించి కంప్యూటర్లో ఎక్కిస్తామనీ అక్కడి బాధ్యతలు చూసే సుధాకర్ చెప్పినప్పుడు, ఆ పని నాకివ్వమని నేనే అడిగాను. ఉద్యోగమంతా గ్రంథాలయాల్లో గడిపినవాణ్ణి. జనాభా లెక్కల పుస్తకాలు, సెటిల్మెంటు నివేదికలు, శాసనసభ చర్చలు, పంటల లెక్కలు, ఇవన్నీ ఏ వరసలో పెట్టాలో, ఏ శాఖ పేరు కింద రాయాలో నాకు తెలుసు. పైగా ఆ మందిరంలోని జిల్లా గెజిట్ సంపుటాలన్నీ మా అబ్బ, అంటే మా నాన్న, బైండు చేసినవి. అబ్బ పేరు వాటి మీద ఎక్కడా ఉండదు గాని, నల్ల కాలికో గుడ్డ వెన్ను, మూలల్లో ఎర్రగుడ్డ కనిపిస్తే అది ఉదయగిరి ఖాదర్ సాయిబు చేతి పని అని ఈ చుట్టుపక్కల కచేరీల్లో పాతవాళ్ళు ఇప్పటికీ గుర్తుపడతారు. వాటిని మళ్ళీ ఒకసారి చేతుల్లోకి తీసుకోవాలన్న ఆశతోనే వెళ్ళాను. వాటిలో ఏమి లేదో మాత్రం మరిచిపోయాను.

మొదటి బీరువా సగం కూడా పూర్తికాకముందే రూతమ్మ వచ్చింది. మర్రిపాడు దాటాక బద్వేలు రోడ్డు మీద బస్సు దిగి, మెట్టచేలలో లోపలికి నడిచిపోవాల్సిన ఒక చిన్న పల్లె ఆమెది. అంగన్‌వాడీలో పనిచేస్తుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో జెరాక్సులు. గుమ్మంలో నిలబడి, "గెజిట్లు చూసేది మీరేనా సార్?" అని అడిగింది.

కూర్చోమన్నాను. కూర్చోలేదు. నిలబడే చెప్పింది. వాళ్ళ పల్లె చుట్టూ ఉన్న బంజరు సోలారు పలకల కోసం ఎవరికో ఇచ్చారు. ఆ బంజరులోనే వాళ్ళ తాతల కాలం నుంచి సమాధుల తోట ఉంది. ఇప్పటి రికార్డులో మాత్రం దానికి వేరే పేరు లేదు, అది కూడా బంజరే. కంచె స్తంభాలు లారీలో తెచ్చి దారి పక్కన దించారు.

"మండలాఫీసులో మంచిగానే మాట్లాడినారు సార్. గెజిట్లో పడింటే వదిలేస్తాం, ఆ పేపరు తెండి అన్నారు. మా నాయన చెప్తాడు, పడిందంట. ఆ కాలంలో కరణం చదివి వినిపించినాడంట. నెల్లూరు పోయి అడిగినా. అంత పాతవి లేవన్నారు. ఆత్మకూరులో చూడమన్నారు."

"మీ నాయన ఉన్నారా?"

"ఉండాడు. పొద్దున్నే పొయ్యి మా అమ్మ సమాధి కాడ కూర్చుంటాడు. మనిషి కూర్చోనుంటే స్తంభం పాతరు గదా అని."

కరణాలున్న ఆ ఏళ్ళ సంపుటాలు బల్ల మీదికి దించాను. ఊరుమ్మడి అవసరాలకు వదిలిన భూముల జాబితాలు అప్పట్లో గెజిట్ వెనక అనుబంధంగా వచ్చేవి. ఒక్కో సంచిక చివరికి పేజీలు తిప్పుకుంటూ వెళ్ళాను. అనుబంధం ఉండాల్సిన చోట, కుట్టు దగ్గర, వేలెడు వెడల్పున చిరుగు అంచులు మాత్రం మిగిలి ఉన్నాయి. తరువాతి సంచికలోనూ అంతే. ఆ తరువాతి దానిలోనూ అంతే. నాకు ఆలోచించాల్సిన పని లేకపోయింది. ఆ చిరుగు నా చేతిది.

"ఆ అనుబంధాలు ఇక్కడికి రాలేదమ్మా" అన్నాను.

రూతమ్మ వంగి చూసింది. "రాలేదా, పోయినాయా సార్? ఈ ముక్కలేంది మరి?"

"పాతవి గదా. ఊడిపోయి ఉంటాయి."

ఆమె ఆలస్యమైతే మర్రిపాడు బస్సు దొరకదని, ఫోన్ నంబరు రాసిచ్చి, కవరు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక పట్టికలో ఆ సంపుటాలకు ఎదురుగా 'అనుబంధాలు లేవు' అని రాశాను. పట్టిక రాసేవాళ్ళు ఎక్కడైనా అంతవరకే రాస్తారు. అందులో తప్పు లేదు. నేను రాసిన పట్టికల్లో అలాంటి మాటలు ఎన్నో ఉన్నాయి. ఎందుకు లేవని ఏనాడూ ఎవరూ నన్ను అడగలేదు.

ఉదయగిరిలో మా ఇల్లు కొండకు ఎదురుగా ఉంటుంది. పొద్దున వంట అయిపోయాక అమ్మీ అదే పొయ్యి మీద బంక గిన్నె ఎక్కించేది. మైదాను చన్నీళ్ళలో కలిపి, ఉండలు కట్టకుండా తిప్పుతూ, చివర్లో మైలుతుత్తం కరిగించిన నీళ్ళు పోసేది. తెల్లటి బంక నీలిగా మారేది. పురుగులు ముట్టకుండా ఆ విషం. ఆ గిన్నెకూ గరిటెకూ గూట్లో వేరే చోటు. బంక ముట్టిన చేతులు సబ్బుతో కడుక్కుని అమ్మీకి వాసన చూపించిన తరువాతే మా ముందుకు అన్నం పళ్ళెం వచ్చేది. అబ్బ కూడా మాతోపాటు వరసలో కూర్చుని రెండు చేతులూ చాచి వాసన చూపించేవాడు. ఒక్కోసారి అమ్మీ ఆయన్ని మళ్ళీ కడుక్కురమ్మని లేపేది. ఆయన గొణగకుండా లేచి వెళ్ళేవాడు. అప్పుడు మా ఆపా, అంటే మా అక్క ఖైరున్, నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేది. ఇప్పటికీ పాత సంపుటం తెరిస్తే ముందు నాకు తగిలేది ఆ వాసనే. ఆ వెంటనే చేతులు కడుక్కోవాలనిపిస్తుంది.

అబ్బ తలమీది టోపీ అంచుకు ఎప్పుడూ దారం ఎక్కించిన సూది గుచ్చి ఉండేది. మసీదుకు కూడా అలాగే వెళ్ళేవాడు. "ఖాదర్ భాయ్, సజ్దాలో వంగేటప్పుడు జాగర్త. ఈసారి చాపను కూడా బైండు చేసేస్తావు" అని పక్కవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఆయన సూది తీసి చొక్కా జేబుకు గుచ్చుకుని, నమాజు అయ్యాక మళ్ళీ టోపీకి మార్చుకునేవాడు. మాట తక్కువ. కాగితం మీద చెయ్యి వేసినప్పుడు మాత్రం ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పెదవులు కదిలేవి. కుట్టు ఎంత బిగువుగా ఉన్నదీ చూపుతో కాక చెవితో తెలుసుకునేవాడు. దారం లాగినప్పుడు చిన్న శబ్దం వస్తుంది. ఆ శబ్దం ఆయనకు నచ్చకపోతే విప్పేసేవాడు.

పుస్తకానికి వేసే దళసరి అట్టలు నెల్లూరు నుంచి రావాలి. అవి రావడం ఆలస్యమవుతుండటంతో అబ్బ సొంతంగా చేయడం మొదలుపెట్టాడు. పనికిరాని కాగితాలు ఒకదాని మీద ఒకటి బంకతో అంటించి, రాతిపలకల కింద అదిమి, మిద్దె మీద ఎండబెట్టేవాడు. ఉదయగిరి ఎండకు అవి చెక్కలాగా గట్టిపడేవి. మైదా వాసనకు మేకలు మెట్లెక్కి మిద్దె మీదికి వచ్చేవి. ఆపా కర్ర పట్టుకుని కాపలా కూర్చునేది. విషం తిని మేక చస్తే మేకలవాళ్ళకు జవాబు చెప్పలేం అనేది అమ్మీ. నాకు ఆ పని తప్పింది. నేను చదువుకున్నవాణ్ణి.

అబ్బకు ఖురాను అక్షరాలు వచ్చు. తెలుగు గాని, ఇంగ్లీషు గాని చదవలేడు. అందుకని అట్టలోకి పోయే ప్రతి కాగితం కట్టా ముందు నా చేతికి వచ్చేది. అప్పుడు ఆయన అడిగే మాట ఒకటే.

"దేవుడి పేరుండాదా దీంట్లో?"

ఏ దేవుడైనా సరే, ఆ పేరును బంకలో ముంచడానికి అబ్బ ఒప్పుకునేవాడు కాదు. చిరిగిన బడిపుస్తకంలో ప్రార్థన గీతం, చర్చి పాటల కాగితం, లక్ష్మీదేవి బొమ్మ ఉన్న క్యాలెండరు, పెళ్ళి శుభలేఖ, ఇవన్నీ ఏరి గోడ కొయ్యకు తగిలించిన గోనెసంచిలో వేసేవాణ్ణి. సంచి నిండితే అబ్బ దాన్ని బస్సులో పెట్టుకుని సంగం దాకా పోయి పెన్నలో వదిలి వచ్చేవాడు. దేవుడి పేరే కాదు, చనిపోయినవాళ్ళ పేర్లున్నా అంతే. దినకర్మల కార్డు ఒకటి పొరపాటున బంక పూసిన కాగితాల్లో కనిపిస్తే, దాన్ని తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టి సంచిలో వేయడం నేను చూశాను. అప్పుడు నాకది చాదస్తంగా అనిపించింది. ఆ మాట ఆయన ముందే అన్నాను కూడా.

ఆత్మకూరు పఠనమందిరం నుంచి ఏడాదికొకసారి గెజిట్ కట్టలు బస్సు టాపు మీద వచ్చేవి. ఆ వారమంతా మా వసారా కళకళలాడేది. పంతుళ్ళు, గుమాస్తాలు, పరీక్షలు రాసిన కుర్రాళ్ళు వచ్చి నులకమంచం మీద కూర్చునేవాళ్ళు. బదిలీలు, పదోన్నతులు, ఫలితాలు, పేర్లు మార్చుకున్న ప్రకటనలు, వాళ్ళకు కావలసింది ఆ పేజీలు. ఎవరిపేరు ఏ పేజీలో ఉందో వేలు పెట్టి చూపించడం నా పని. "గెజిట్ మస్తాన్ ఉండాడా?" అని వీధిలోంచే కేకేసేవాళ్ళు. పేరు కనిపించినవాడు మిఠాయి పొట్లం తెచ్చేవాడు. పెద్దపెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళు నా భుజం మీదుగా వంగి నా వేలి వెంట చూడటం నాకు ఎక్కడలేని గొప్పగా ఉండేది. గెజిట్‌లో పేరు పడినవాళ్ళే మనుషులన్నట్టు నా మనసులో ఒక లెక్క తయారైంది. మెట్ట పల్లెల నుంచి మా ఇంటి ముందు నడిచిపోయేవాళ్ళు ఆ లెక్కలో లేరు.

ఒక ఏడు కట్టలు మరీ లావుగా వచ్చాయి. ఏడాదికి ఒకటే సంపుటం కావాలనీ, అది బీరువా అరలో పట్టాలనీ అప్పటి కార్యదర్శిగారు చెప్పి పంపారు. అక్కరలేనివి తీసేయమన్నారు. ఏది అక్కరలేదో తేల్చాల్సింది ఎవరు? అబ్బ నా వైపు చూశాడు. నేను అనుబంధాల వైపు చూశాను. ఇంతమంది వచ్చి పోతున్నారు, ఒక్కరైనా వాటిని అడిగిన పాపాన పోలేదు. అన్నీ గళ్ళు, గళ్ళనిండా అంకెలు. పైగా ఆ రోజు నాకు తొందర. నేను రాసిన పరీక్ష ఫలితాలు కొత్త గెజిట్‌లో వచ్చాయనీ, అది తాలూకాఫీసులో ఉందనీ ఎవరో చెప్పారు. చెప్పులు వేసుకునే కూర్చుని చించడం మొదలుపెట్టాను.

"స్కేలు పెట్టి చించరా" అన్నాడు అబ్బ. "కాగితానికి మర్యాదుండాల."

"అట్టలోకి పొయ్యేదానికి మర్యాదేందబ్బా?"

చించిన కట్టను ఆయన ఒడిలోకి తీసుకుని అలవాటు ప్రకారం అడిగాడు.

"దేవుడి పేరుండాదా?"

"లేదబ్బా. అన్నీ నంబర్లే."

"ఇంకోసారి చూడు, మస్తానూ. చానా ఉండాయి."

"చూసినా అంటుండా గదా" అన్నాను. చూడలేదు. వీధిలోకి నడిచాను. తాలూకాఫీసులో నా నంబరు కనిపించింది. ఆ నంబరే నన్ను ఉద్యోగంలోకి తీసుకుపోయింది. ఇంటికి వచ్చేసరికి కాగితాలన్నీ బంక తాగి రాళ్ళకింద ఉన్నాయి. ఆ తరువాత ఏళ్ళలో నేను మళ్ళీ చూడాల్సిన అవసరం కూడా రాలేదు. అనుబంధం అంటే అట్టకు అని ఇంట్లో స్థిరపడిపోయింది. అబ్బ అడగటం మాత్రం మానలేదు. నేను జవాబు చెప్పడమూ మానలేదు.

రూతమ్మకు అబద్ధం చెప్పిన మరునాడు ఉదయగిరి వెళ్ళాను. ఆ ఇంట్లో ఇప్పుడు ఆపా తన కోడలితో ఉంటోంది. వసారాలో నులకమంచం లేదు, ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. బంక గిన్నె ఉండే గూట్లో సెల్ఫోన్ ఛార్జరు వేలాడుతోంది. ఆపాకు మోకాళ్ళ నొప్పి, చూపు మాత్రం బాగానే ఉంది. విషయమంతా చెప్పాను. ఆ అనుబంధాలు ఎక్కడికీ పోలేదు, అబ్బ కట్టిన సంపుటాల అట్టల్లోనే ఉండాలని కూడా చెప్పాను. ఆ సంగతి రూతమ్మ నా ఎదురుగా నిలబడి అడుగుతున్నప్పుడే నాకు తెలుసు. తెలిసే రాలేదన్నాను. అట్టలు నీళ్ళలో నానబెట్టాలి. అంటే సంపుటాలు కోయాలి. అబ్బ చేతి పని ఈ లోకంలో ఇంకెక్కడా మిగల్లేదు. కచేరీల్లో ఉన్నవి ఎప్పుడో పోయాయి. మిగిలింది ఆ ఒక్క బీరువా.

ఆపా అంతా విని, "దీనికి నన్ను అడిగేదానికి వచ్చినావా?" అంది. "నేను వద్దంటాననుకున్నావా?"

నిజంగానే ఆమె వద్దంటే బాగుండునని వెళ్ళాను. అబ్బ జ్ఞాపకం పాడుచేయొద్దని ఆమె ఒక్కమాట అంటే, నా భయానికి ఆమె కన్నీళ్ళు అడ్డం పెట్టుకునేవాణ్ణి.

"కట్ట కట్టకీ నిన్ను ఏమడిగేవాడురా అబ్బ?"

"దేవుడి పేరుండాదా అని."

"సమాధులుండాయి అని చెప్పుంటే అంటించేవాడా?"

"లేదు."

"తెలీక ఆయన చేసినాడు. కోసినందుకు ఆయనేమనుకోడు" అంటూ మోకాలు పట్టుకుని లేచింది. "నేనూ వస్తా పద. పొరలు విడదీసే చెయ్యి కాదు నీది. నీ చేతికి చించడమే వచ్చు."

అక్కడి నుంచే రూతమ్మకు ఫోను చేశాను. ఆ పేపర్లు రాలేదన్నది అబద్ధమనీ, వచ్చాయనీ, చించింది నేనేననీ చెప్పాను. అవతల పిల్లలు పాట పాడుతున్నారు, అంగన్‌వాడీలో ఉన్నట్టుంది.

"దొరుకుతాయా?" అంది చివరికి.

"దొరకొచ్చు."

"అయితే రేపు వస్తా" అని పెట్టేసింది.

సుధాకర్ మొదట ఒప్పుకోలేదు. ఫొటోలు తీయాల్సిన పుస్తకాలు కోస్తామంటే ఎవరు ఒప్పుకుంటారు? సంపుటం తెరిచి లోపలి పేజీలు చూపించాను. చెదలు సొరంగాలు తొలిచిపెట్టాయి. అన్నీ నేను ఏరి భద్రపరిచిన పేజీలే. బదిలీలు, పదోన్నతులు. నా వేలి వెంట వంగి చూసినవాళ్ళ పేర్లు సగం సగం మిగిలాయి. వాళ్ళు ఎప్పుడో పదవులు విడిచారు, చాలామంది లోకమే విడిచారు. ఆ పేజీలను ఎవరూ అడగటం లేదు. అట్టలను మాత్రం మైలుతుత్తం కాపాడింది. పురుగు ముట్టిన గుర్తు కూడా లేదు. ముందు ప్రతి సంపుటానికీ అన్ని వైపులా ఫొటోలు తీసుకుంటామని సుధాకర్ అన్నాడు. తీశాడు.

మందిరం వెనక వరండాలో పెద్ద ప్లాస్టిక్ టబ్బుల్లో గోరువెచ్చని నీళ్ళు పోశాం. ఆపా వంటింటి కత్తి తెచ్చుకుంది. ఎర్రగుడ్డ మూల దగ్గర కత్తి పెట్టినప్పుడు నేను తల తిప్పుకున్నాను. "చూడు" అంది ఆపా. చూశాను. ఎంత బిగువుగా అంటించాడో ఆ గుడ్డ లేవడానికి ఎంతకూ ఒప్పుకోలేదు. అట్ట నీళ్ళలో మునిగాక మొదట బుడగలు వచ్చాయి, తరువాత నీళ్ళు లేత నీలి రంగుకు తిరిగాయి. ఆ వాసనకు ఆపా ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. బాగా నానాక ఆమె గోటితో అంచు లేపి పొరలు ఒక్కొక్కటే విడదీసింది. అచ్చు సిరా చెదరలేదు. విడిన కాగితాలను పాత చీరల మీద పరిచాం.

మొదటి అట్టలో కలువాయి వైపు ఊళ్ళు వచ్చాయి. పశువులు నిలిచే చోటు, చాకిరేవు, కళ్ళం దొడ్డి, శ్మశానం. ఊరి పేరు, నంబరు, దేనికోసం వదిలారు, అంతే. ఒక్కో వరస ఒక ఊరివాళ్ళు కలిసి వాడుకున్న నేల. వంగి చదువుతుంటే, ఇన్నేళ్ళలో ఎన్ని ఊళ్ళవాళ్ళు ఇలా కవర్లు పట్టుకుని తిరిగి, లేవనిపించుకుని వెళ్ళి ఉంటారో అనిపించింది. నా దగ్గరికి వచ్చింది రూతమ్మ ఒక్కతే.

రూతమ్మ తడి కాగితాల మీద వంగి ఊరిపేర్లు చదువుకుంటూ వరండా ఆ చివరి దాకా వెళ్ళేది, వచ్చేది. ఆపా ఆమెకు టీ ఇచ్చి, "మీ అమ్మ పొయ్యి చానా కాలమైందా?" అని అడిగింది.

"నేను చిన్న బిడ్డప్పుడే పోయిందమ్మా. మొహం కూడా సరిగా గుర్తులేదు. ఆ సమాధే నాకు గుర్తు."

ఆపా మళ్ళీ నీళ్ళలో చెయ్యి పెట్టింది.

ఎండ వరండాలోకి వాలినప్పుడు రూతమ్మ ఒకచోట ఆగిపోయింది. వేలు కాగితానికి ఆనించకుండా కొంచెం పైన పట్టుకుని, "ఇదే" అంది. వాళ్ళ పల్లె పేరు, నంబరు, పక్కనే 'క్రైస్తవుల శ్మశానం' అని ఉంది. "మా నాయన నోటితో చెప్పే నంబరే. ఇదే సార్." ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఫోను తీసి ఫొటో కొట్టి ఎవరికో పంపింది. తరువాత అక్కడే నేల మీద కూలబడి టీ తాగింది.

మండలాఫీసులో ఆ భూముల ఫైలు చూసే డిప్యూటీ తహసీల్దారు వయసులో చిన్నవాడు. మర్యాదగా కూర్చోబెట్టి కాగితం వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇది గెజిట్ అని నేనెట్లా రాసుకోవాల సార్? ఏ నెలదో లేదు, సంచిక నంబరు లేదు. అట్టలోంచి ఊడిన కాగితం అంటుండారు. రేపు అవతలోళ్ళు ఒప్పుకుంటారా?"

దానికి నేను సిద్ధపడే వెళ్ళాను. సుధాకర్ దగ్గర సంతకం పెట్టి తెచ్చిన సంపుటం తెరిచాను. స్కేలు పెట్టకుండా చించాను కాబట్టి చిరుగు వంకరటింకరగా ఉంది. గెజిట్ పేజీ కంటే అట్ట పెద్దది కాబట్టి ఆ అంచు అట్టలో తెగకుండా మిగిలింది. కాగితాన్ని సంపుటంలోని ముక్కకు ఆనించాను. గడి గీత గీతకు కలిసింది. అటు సగం, ఇటు సగం ఉన్న అంకెలు ఒకటయ్యాయి. సంపుటంలోని ఆ సంచికకు తేదీ ఉంది, నంబరు ఉంది. అబ్బ చెప్పినట్టు స్కేలు పెట్టి చించి ఉంటే ఈ రుజువు ఉండేది కాదు. ఆ ఆలోచన నాకు ఊరట ఇవ్వలేదు.

అతను చాలాసేపు చూశాడు. "కలిసింది గాని సార్, ఇదంతా ఎవరన్నా రాసియ్యాల గదా. కాగితం దీంట్లోంచి అట్టలోకి ఎట్లా పోయిందో తెలిసినోళ్ళు."

తెల్లకాగితం అడిగి తీసుకున్నాను. 'ఆ రోజుల్లో సంపుటం లావు తగ్గించడానికి అనుబంధాలను తీసివేసి అట్టలకు వాడేవారు' అని రాశాను. అది నిజమే. రూతమ్మ పక్క నుంచి చదివింది.

"ఎవురు సార్?" అంది.

డిప్యూటీ తహసీల్దారు తలెత్తాడు. గవర్నమెంటు కాగితాలు చించానని సొంత చేత్తో రాసిస్తే పెన్షనుకు ఏమన్నా ఇబ్బంది అవుతుందేమో అని సుధాకర్ పొద్దుననే హెచ్చరించాడు. ఆ భయం ఉంది. దానికంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. పట్టికలు రాసే మనిషిగా నాకున్న మంచి పేరు. రాసిన వాక్యం కొట్టేశాను. మళ్ళీ మొదటి నుంచి రాశాను. ఈ అనుబంధాన్ని ఈ సంచిక నుంచి నేను చించాను. అందులో ఏముందో మా నాన్న అడిగారు. చదవకుండానే ఏమీ లేదని చెప్పాను. నా మాట నమ్మి ఆయన దాన్ని అట్టలో అంటించారు. కింద పూర్తి పేరు, చేసిన ఉద్యోగం, ఇంటి చిరునామా రాసి సంతకం పెట్టాను.

బస్టాండులో రూతమ్మ బస్సు కోసం నిలబడ్డాం. నేను క్షమించమని అడగాలనుకున్నాను. మాటలు కూడా తయారుచేసుకున్నాను. ఆమె నా మొహం చూసి కనిపెట్టినట్టుంది.

"మా పక్కపల్లె వాళ్ళది కూడా అదే బంజరులో ఉండాది సార్" అంది. "వాళ్ళకు గెజిట్ అంటే ఏందో తెలీదు. వాళ్ళు రారు. మీరే చూడండి." బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. చెయ్యి ఊపలేదు.

ఆ కాగితాలు నెల్లూరు వెళ్ళాయి. ఇంకా జవాబు రాలేదు. స్తంభాలను పాతలేదు, తీసుకుపోనూ లేదు. దారి పక్కన అలాగే పడి ఉన్నాయట. రూతమ్మ వాళ్ళ నాయన ఇప్పటికీ పొద్దున్నే వెళ్ళి కూర్చుంటున్నాడు. ఎండలు ముదురుతున్నాయి. ఆ ముసలాయన తలమీద తువ్వాలు కప్పుకుని కూర్చున్న ఫొటో ఒకటి ఆమె పంపింది. కింద ఏమీ రాయలేదు.

నేను ఇంకా ఆత్మకూరు వెళ్తూనే ఉన్నాను. పట్టికలో 'అనుబంధాలు లేవు' అన్నచోట 'అనుబంధాలు ఈ సంపుటాల అట్టల్లో ఉన్నాయి, చించినది పట్టిక రాస్తున్న వ్యక్తి' అని మార్చాను. పట్టికల్లో ఇలా రాయరు సార్ అన్నాడు సుధాకర్. రాయరని నాకూ తెలుసు. అబ్బ సంపుటాలు ఒక్కొక్కటిగా తగ్గిపోతున్నాయి. కోసిన ఎర్రగుడ్డ మూలలు ఆపా ఒక సంచిలో దాచుకుంటోంది. మోకాళ్ళు సహకరించిన రోజు ఆమె వస్తుంది, లేని రోజు నేనే పొరలు తీస్తాను. నా చెయ్యి ఇప్పుడిప్పుడే నెమ్మదిస్తోంది. పొర విడిన ప్రతిసారీ టోపీకి సూది గుచ్చుకున్న ఆ మనిషి పక్కన కూర్చుని అడుగుతున్నట్టే ఉంటుంది, దేవుడి పేరుండాదా అని. మొదటి వరస నుంచి చివరి వరస దాకా, ఊరి పేర్లతో సహా, పైకే చదువుతాను. చదవడం పూర్తయ్యేదాకా ఆయనకు జవాబు చెప్పను.